రాయి తీసి పంపేస్తే చాలదు, కాల్షియం చూడండి

సంపాదకుడు గారికి,

ఎండలు ముదిరితే కిడ్నీ రాళ్ల కేసులు పెరుగుతాయి. నీళ్లు తక్కువ తాగాం, బోరు నీళ్లు పడలేదు అనుకుంటాం. ఒకసారి వచ్చిన రాయికి ఆ మాట సరిపోవచ్చు. మళ్లీ మళ్లీ రాళ్లు వస్తున్నవాళ్లను, రెండు కిడ్నీల్లోనూ ఉన్నవాళ్లను రక్తంలో కాల్షియం చూడకుండా ఇంటికి పంపడం మాత్రం తప్పు.

మెడలో థైరాయిడ్ వెనక బియ్యపుగింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. పేరు కలిసినా పని వేరు. థైరాయిడ్ టెస్టు బాగుందంటే ఇవీ బాగున్నట్టు కాదు. వీటిలో ఒకదానికి గడ్డ పెరిగితే, అది క్యాన్సర్ కావడం చాలా అరుదు గానీ, రక్తంలో కాల్షియాన్ని అదుపులో ఉంచేందుకు ఈ గ్రంథులు వదిలే పీటీహెచ్ హార్మోన్ అదుపు తప్పుతుంది. ఎముకల్లో ఉండాల్సిన కాల్షియం రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి పోతుంది. ఇటు రాళ్లు, అటు గుల్లబారిన ఎముకలు. నీరసం, మలబద్ధకం, రాత్రిళ్లు పదేపదే మూత్రం, దిగులు కూడా ఉంటే వయసు మీద పడిందని కొట్టిపారేస్తారు.

కాల్షియం చాలా ల్యాబుల్లో డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల వరకు నార్మల్. దాని పక్కనే రక్తంలోని ప్రోటీన్ అయిన అల్బుమిన్ చూడాలి. అల్బుమిన్ డెసిలీటరుకు 4 గ్రాముల కంటే ఎంత తగ్గితే అంతను 0.8తో గుణించి కాల్షియానికి కలపాలి. కాల్షియం 10.2, అల్బుమిన్ 2.8 ఉన్నాయనుకోండి. సరిచేస్తే 11.2 దగ్గరికి వస్తుంది. రిపోర్టు మీద మాత్రం ఎక్కువ అన్న గుర్తే ఉండదు. చేతికి పట్టీ చాలాసేపు బిగించి రక్తం తీస్తే అంకె కాస్త పెరుగుతుంది కాబట్టి రెండోసారి చూసుకోవాలి.

అప్పుడూ ఎక్కువే వస్తే పీటీహెచ్ చేయించాలి. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. కాల్షియం 11 దాటితే మంచి గ్రంథి పీటీహెచ్‌ను బాగా తగ్గించేయాలి. అలాంటప్పుడు 50 వచ్చి, ల్యాబు దాన్ని నార్మల్ అని రాసినా అది నార్మల్ కాదు. పీటీహెచ్ అడుగంటితే కారణం వేరే చోట ఉంది: క్యాన్సర్, టీబీ, లేదా అతిగా పడిన విటమిన్ డి. వారానికోసారి వేసుకోవాల్సిన 60 వేల యూనిట్లు రోజూ మింగినవాళ్లు, 6 లక్షల ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు పొడిపించుకున్నవాళ్లు తక్కువేం కాదు. బీపీకి వాడే థయాజైడ్, మానసిక వైద్యంలో ఇచ్చే లిథియం కూడా కాల్షియం పెంచగలవు కాబట్టి వాడుతున్నారేమో అడిగి తెలుసుకోవాలి. గడ్డ ఉన్న గ్రంథిని తీసే ఆపరేషన్‌కు ముందు 24 గంటల మూత్రంలో కాల్షియం కొలవాలి, ఎందుకంటే కోత అక్కర్లేని వంశపారంపర్య రకం ఒకటుంది. స్కాన్ గడ్డ ఎక్కడుందో వెతకడానికే. అందులో కనబడకపోతే జబ్బు లేనట్టు కాదు.

కాల్షియం 14 దాటి వాంతులు, మగత ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా క్యాజువాలిటీకి వెళ్లాలి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ అధికారులకు నా విన్నపం ఒక్కటే. రాళ్ల చికిత్స చేసిన ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితం మీద కాల్షియం, అల్బుమిన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకెలు రాయాలని నిబంధన పెట్టండి. ఆ మూడూ లేని బిల్లును పాస్ చేయకండి.

ఇట్లు
ఒక పాఠకురాలు, వరంగల్