కాగిన నూనె కోసం చిన్న కొట్ల దాకా రండి

సంపాదకులకు నమస్కారం.

విదేశాలకు వెళ్లే విమానాల ఇంధనంలో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030 నాటికి 5 శాతం జీవ ఇంధనం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. వంటకు వాడేసిన నూనెతో పానిపట్ రిఫైనరీలో ఏటా 35,000 టన్నుల దాకా ఈ ఇంధనం తయారుచేస్తామని ఇండియన్ ఆయిల్ 2025 ఆగస్టులో చెప్పింది. పెద్ద హోటళ్ల నుంచి నూనె సేకరించడం తేలికేననీ, చిన్న వ్యాపారుల నుంచి, ఇళ్ల నుంచి తెచ్చే దారే వెతకాలనీ ఆ సంస్థ ఛైర్మన్ అప్పుడే అన్నారు. ఆ చిన్న వ్యాపారుల్లో నేనూ ఉన్నాను. తెనాలిలో మాది పిండివంటల కొట్టు.

జంతికలు, చెగోడీలు, కారప్పూస, బూందీ మా దగ్గర రోజూ వేగుతాయి. నూనె పని అయిపోయిందంటే మూకుడు దగ్గర నిలబడ్డవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. పిండి వేయగానే నురగ పొంగుతుంది, త్వరగా పొగ వస్తుంది, చేతికి జిగటగా తగులుతుంది. చట్టం కూడా దీనికో హద్దు పెట్టింది. నూనె పదేపదే కాగినప్పుడు పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఇక వంటకు వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి వాడేవాళ్లు లెక్క రాసిపెట్టి, పాత నూనెను గుర్తింపు ఉన్నవాళ్లకే ఇవ్వాలని 2019 మార్చి నుంచి మరో నిబంధన వచ్చింది.

చిక్కంతా ఆ 50 లీటర్ల దగ్గరే ఉంది. సంక్రాంతి, దసరా రోజుల్లో తప్ప మాకు అంత వాడకం ఉండదు. పునుగుల బండికీ, మిర్చి బజ్జీల బండికీ ఎప్పుడూ ఉండదు. అందుకని మమ్మల్ని అడిగేవాళ్లూ లేరు, మా దగ్గరికి వచ్చి తీసుకెళ్లేవాళ్లూ లేరు. వచ్చేదల్లా బైకుకు క్యాన్లు కట్టుకుని తిరిగే మనిషి. డబ్బులు అక్కడికక్కడే ఇస్తాడు. ఈ నూనె ఎక్కడికి పోతుందని అడిగితే మాత్రం మాట దాటేస్తాడు. అది చవగ్గా వేరే బండి మూకుట్లోకి చేరి పిల్లల కడుపుల్లోకి పోతుందేమోనని నాకు భయం. అందుకే అతనికి ఇవ్వడం మానేశాం. కాలవలో పోయడానికి మనసొప్పదు. డబ్బాలు వెనక గదిలో పేరుకుంటున్నాయి.

మా అబ్బాయి కెమిస్ట్రీ చదివాడు, ఇదెలా ఇంధనం అవుతుందో వాడే వివరంగా చెప్పాడు. నూనెలో ఆక్సిజన్ ఉంటుంది. బాగా వేడిచేసి, ఒత్తిడి మీద హైడ్రోజన్ పంపితే ఆ ఆక్సిజన్ నీళ్లుగానూ, కొంత కార్బన్‌తో కలిసి గ్యాసుగానూ బయటికి పోతుంది. మిగిలినదాన్ని సరిచేస్తే కిరోసిన్ లాంటిది వస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున మా కొట్లో పామాయిల్ డబ్బాలోనే పేరుకుంటుంది, విమానం ఇంధనమేమో మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదట. అంత మార్పు చేయగలిగినవాళ్లకు నూనె పోగుచేయడం ఎందుకు కష్టం కావాలి?

మా ఊళ్ల చుట్టూ పాల కేంద్రాలు ఉన్నాయి. ఒక్క గేదె ఉన్న మనిషి రెండు లీటర్లు తెచ్చినా కొలిచి, వెన్న శాతం చూసి, పుస్తకంలో రాసి, రోజులు తిరగ్గానే బిల్లు ఇస్తారు. కాగిన నూనెకూ అలాంటి కేంద్రం మున్సిపాలిటీకి ఒక్కటి పెట్టండి. ధర బోర్డు మీద రాయండి, తెచ్చినవాళ్లకు రసీదు ఇవ్వండి. నడిపే పని డ్వాక్రా సంఘాలకు అప్పగించండి. ఆడవాళ్లు ఇంధన వ్యవహారం చూడగలరా అని ఎవరికైనా అనుమానం ఉంటే ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడ గురించి తెలుసుకోవాలి. అక్కడి గిరిజన మహిళలు డీజిల్ బదులు కానుగ గింజల నూనె వాడితే గాలిలోకి పోకుండా మిగిలే కార్బన్‌ను లెక్కగట్టి, ఆ పొదుపును ప్రపంచ బ్యాంకుకు అమ్మి, 2003లోనే 645 డాలర్లు సంపాదించారు.

ధర విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. పాత నూనెకు కొత్త నూనెను మించిన ధర పలికిందంటే, కొత్తది కలిపి పాతదని అమ్మేవాళ్లు బయల్దేరతారు. మన దేశం తినే నూనెలో సగానికి పైగా బయటి నుంచి కొనుక్కుంటున్నాం. తినాల్సిన నూనె విమానాల ట్యాంకుల్లోకి పోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అందుకే నూనె సేకరించే కేంద్రంలో ప్రతి డబ్బాలోనూ పోలార్ పదార్థాలు కొలిచే మీటరు ముంచి చూడాలి. 25 శాతం దాటినదే తీసుకోవాలి.

ఆ 50 లీటర్ల హద్దు తగ్గించండి, మాకు అభ్యంతరం లేదు. కానీ ముందు నూనె తీసుకునే మనిషిని మా వీధికి పంపండి. గుర్తింపు కార్డు, కాటా తెస్తే చాలు, డబ్బాలు సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
పిండివంటల కొట్టు నడిపే ఒక పాఠకురాలు,
తెనాలి