వరద రోజుల్లో ఆరోగ్య సేవలు: కాలనీ సంక్షేమ సంఘం 2023–24 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో పెద్దది జులై వరదల్లో అందించిన ఆరోగ్య సేవే. జులై 27 ఉదయానికి 24 గంటల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అటు భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు మునిగింది. ఇటు వరంగల్‌లో మన హంటర్ రోడ్డు పక్కన బొందివాగు పొంగి మన గల్లీల్లోకి నీళ్లొచ్చాయి. తేరుకునేలోపే భద్రకాళి చెరువు కట్టకు గండి పడిందన్న వార్తతో మళ్లీ టెన్షన్.

బడిలో తలదాచుకున్న వాళ్లను ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎం దగ్గరుండి చూసుకున్నారు. మన పిల్లలు వాళ్ల వెంటే తిరిగారు. దెబ్బలకు కట్టు సామాను సరిపోయింది గానీ, బీపీ, షుగర్ మందులకే కటకట వచ్చింది. ఒక అవ్వ కొంగుముడి విప్పి నాని ముద్దయిన గోలీలు చూపించింది. “పొద్దున తెల్లది, రాత్రి గులాబీది” అంది, పేరు మాత్రం తెలియదు. బీపీ చూసి, డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాకే మందు మొదలుపెట్టారు. అందుకే తర్వాత ఇంటింటికీ తిరిగి మందు పేరు, మోతాదు రాసిన కార్డులు లామినేట్ చేయించి ఇచ్చాం. కరెంటు లేనప్పుడు ఇన్సులిన్‌ను కవర్‌లో చుట్టి, చల్లటి మట్టికుండలో ఎలా దాచాలో కూడా చూపించాం.

నీళ్ల విషయంలో ఇప్పటికీ కొందరు పట్టించుకోవడం లేదు, అది బాధగా ఉంది. తేటగా కనిపించినా, మురుగు కలిసిన సంపు నీళ్లు తాగకూడదు. సంపు ఖాళీ చేసి, కడిగి, బ్లీచింగ్ వేశాకే మళ్లీ నింపాలి. క్లోరిన్ బిళ్ల వేస్తే అరగంట ఆగి తాగాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, సగం సగం వద్దు. అలా కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనాలైన చిన్నపిల్లలకు తగ్గిపోయిందని జింక్ గోలీలు మధ్యలో ఆపకుండా 14 రోజులూ వేయాలి.

నీళ్లు తీసినాక దోమల పని మొదలైంది. వారానికో రోజు డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేయించాం. జమాఖర్చుల వివరాలు నోటీసు బోర్డులో పెట్టాం.

వచ్చే వానాకాలానికి మృగశిర కార్తె లోపే కార్డులు సరిచూస్తాం. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఉన్న ఇళ్లు ముందే పేర్లు రాయించండి. వాగు ఎక్కుతోందని తెలియగానే మొదటి బండి వాళ్లకే.

— కార్యదర్శి