మా నాయన కోసం కదిలొచ్చిన కావలి వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మా నాయనకి బ్లడ్ క్యాన్సర్ అని తెలిసినప్పటి నుంచి మీరంతా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే తీరిక దొరకలేదు. మొన్నటి ఎముక మజ్జ పరీక్షలో క్యాన్సర్ కణాలు 5 శాతం లోపుకి దిగాయి. జబ్బు అదుపులోకి వచ్చిందన్నారు చెన్నై డాక్టర్లు. కీమో ఇంకా ఉంది. అయినా ఆ పూట అమ్మ కడుపునిండా అన్నం తినింది.

మొదటి కీమో తర్వాత నాయనకి ప్లేట్‌లెట్లు 8 వేలకి పడిపోయాయి. మామూలుగా లక్షన్నరకి పైన ఉండాలి. చిగుళ్ల నుంచి రక్తం, చేతుల మీద ఎర్రటి చుక్కలు. వెంటనే దాతని తెచ్చుకోమన్నారు. ప్లేట్‌లెట్లు 5 రోజులకి మించి నిల్వ ఉండవు కాబట్టి ముందే తెచ్చి పెట్టుకోవడం కుదరదు, అవసరం పడ్డప్పుడల్లా మనిషి రావాల్సిందే. ఊరు కాని ఊళ్లో ఎవరిని అడుగుతాం? మా మామయ్య వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. రాత్రి రైలెక్కి తెల్లారేసరికి నలుగురు డిగ్రీ పిల్లలు చెన్నైలో దిగారు. అందులో ఇద్దరిని నేను అంతకుముందు చూసింది కూడా లేదు.

వాళ్లలో ఒక తమ్ముడు గంటన్నర సేపు మిషన్ పక్కన కదలకుండా పడుకున్నాడు. రక్తం తీసి, ప్లేట్‌లెట్లు వేరుచేసి, మిగతాది మళ్లీ ఒంట్లోకే ఎక్కిస్తారు. మధ్యలో పెదాలు తిమ్మిరెక్కుతున్నాయంటే నర్సు కాల్షియం మాత్ర ఇచ్చింది. నాకేమో ఒకటే టెన్షన్. లేచాక వాడే నాకు ధైర్యం చెప్పాడు: "రెండు రోజులు ఆగితే మళ్లీ ఇవ్వొచ్చంటక్కా, కావాలంటే ఫోన్ చెయ్యి." తమ్ముడూ, నిన్ను కన్న తల్లికి దండం పెడతాను.

నాయన టైలర్ అని మీకు తెలుసు. పెళ్లిళ్ల సీజన్‌లో కత్తిరించిన జాకెట్లు కొట్లో అట్లాగే వదిలేసి చెన్నై వెళ్లాం. పక్క కొట్టు బాబాయి తన పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని వాటన్నిటినీ కుట్టాడు. కాజాలు, హుక్కులు పిన్నమ్మ వేసింది. ఏ జాకెట్టుకి ఎంత వచ్చిందో బాబాయి మా నాయన లెక్కల పుస్తకంలోనే రాసి, డబ్బంతా అమ్మ చేతిలో పెట్టాడు. దారం ఖర్చు కూడా పట్టుకోలేదు. ఆ పేజీ చూసి నాయన చాలాసేపు ఏడ్చాడు.

పక్కింటి ఆంటీ రొట్టెల పండక్కి నెల్లూరు వెళ్లి, స్వర్ణాల చెరువులో నాయన పేరు మీద ఆరోగ్య రొట్టె పట్టుకుంది. కోరుకున్నది తీరితే మళ్లీ రొట్టె ఇవ్వాలి కదా, వచ్చే పండక్కి మేమే రొట్టె తీసుకెళ్లి, అడిగినవాళ్లకి ఇచ్చొస్తాం.

చూడటానికి వస్తామని చాలామంది అడుగుతున్నారు. నాయనకి తెల్లకణాలు ఇంకా తక్కువగా ఉన్నాయి, చిన్న జలుబు అంటుకున్నా ప్రమాదమన్నారు. కొన్నాళ్లు ఇంట్లోకి రమ్మనలేం, ఏమీ అనుకోవద్దు. సాయంత్రం పూట వీడియో కాల్ చెయ్యండి, మాట్లాడే ఓపిక వచ్చింది. మీ అందరి పేర్లూ పెట్టి అడుగుతున్నాడు.