2025-26 వార్షిక నివేదిక: మామూలు కెమెరాలతో రాత్రి ఆకాశం

సభ్యులందరికీ నమస్కారం.

బైలా ప్రకారం సర్వసభ్య సమావేశంలో సెక్రటరీ నివేదిక చదవాలి కాబట్టి చదువుతున్నా. పోయినేడు రెండు పేజీలు రాస్తే "ఏడాదికి ఇంతేనా చేసింది" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు, అది నాకింకా గుర్తుంది, అందుకే ఈసారి పొడుగ్గానే రాశా, ఓపిక పట్టండి. సంఘం పెట్టుకున్నది మామూలు కెమెరాలతో రాత్రి ఆకాశాన్ని ఫోటోలు తీయడానికని మీకు తెలిసిందే. ఖరీదైన టెలిస్కోపులు, చుక్కల వెంట కెమెరాని తిప్పే ట్రాకర్లు మన దగ్గర లేవు, కొనే ఉద్దేశమూ లేదు. పెళ్ళిళ్ళకి వాడి పక్కన పడేసిన కెమెరా, దాంతో వచ్చిన కిట్ లెన్స్, లేదంటే చేతిలో ఫోను, ఇంతే.

ముందు థాంక్స్‌లు చెప్పేస్తా, చివరికి పెడితే అందరూ లేచి వెళ్ళిపోతారు. నెలనెలా మేడ మీద క్లాసు పెట్టుకోనిచ్చిన మన అధ్యక్షులవారికి, వాళ్ళింట్లో అమ్మగారికి (రాత్రి పదకొండింటికి ఇరవై మందికి టీ పెట్టడం మాటలు కాదు), ఎడిటింగ్ నేర్పిన స్టూడియో తమ్ముడికి, పాత టార్చిలన్నిటికీ ఎర్ర కాగితం అంటించిన ఇంటర్ పిల్లలకి, మనకి చుక్కలు చూపించే రిటైర్డ్ సైన్సు మాస్టారికి, మినీ బస్సు డీజిల్ ఖర్చుకే ఇచ్చిన సభ్యుడికి (పేరు రాయొద్దన్నారు), ఇంకా గండికోట దారిలో తన చేను గట్టు మీద రాత్రంతా ఉండనిచ్చిన రైతన్నకి. ఆయన సంగతి తర్వాత చెప్తా.

ఏప్రిల్ 26 శనివారం రాత్రి పాలపుంత కోసం వెళ్ళాం, తెల్లారితే అమావాస్య. కొత్తగా చేరినవాళ్ళకి ఒక్క మాట. మనం ఉన్నది 15 డిగ్రీల అక్షాంశం దగ్గర, అందుకని వృశ్చికం, ధనుస్సు దక్షిణాన దాదాపు సగం ఆకాశం ఎత్తుకి వస్తాయి, పాలపుంత నడిబొడ్డు అక్కడే ఉంది. లండన్‌లో ఉండేవాళ్ళకి అదే ధనుస్సు ఇళ్ళ కప్పుల మీద పాకుతూ పోతుంది. ఇంత అదృష్టం ఇచ్చిన దేవుడు దానికి సరిగ్గా మంచి టైములోనే వానలు కూడా ఇచ్చాడు. మే అమావాస్యకి ఇంకోసారి వెళ్దాం అనుకున్నాం, ఋతుపవనాలు ముందే వచ్చి మే 24కల్లా కేరళ తాకేశాయి, మన పైన కూడా మబ్బులే. కాబట్టి వచ్చే ఏడాది ఎవరూ "మేలో పెట్టుకుందాం లే" అనకండి, ఫిబ్రవరి, మార్చిలో తెల్లవారుజామున మూడింటికి లేస్తే దొరికేది అదే పాలపుంత.

వానాకాలమంతా మేడ మీద, లేకపోతే హాల్లో క్లాసులు. ఒకే పాఠం నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది, అది ఫోకస్. కిట్ లెన్స్ మీద ఇన్ఫినిటీ (బాగా దూరం) గుర్తే ఉండదు, ఆటో ఫోకస్ చీకట్లో గిరగిరా తిరిగి చేతులెత్తేస్తుంది, ఇక మాన్యువల్‌లో పెట్టి లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద, ఒక పెద్ద చుక్కని పది రెట్లు పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగు మెల్లగా తిప్పి, తర్వాత రింగు మీద టేపు వేయాలి. టేపు వేయకుండా "నేను కదపను లే సార్" అన్నవాళ్ళ ఫోటోలు అన్నీ పూసల దండల్లాగా వచ్చాయి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లో చేతి వణుకు సర్దే స్టెబిలైజర్ ఆపేయడం, బటన్ నొక్కగానే కదలకుండా 2 సెకన్ల టైమర్ పెట్టడం, కెమెరా కుదించని రా (RAW) ఫైల్‌గా తీయడం, ఇవి ఇప్పుడు అందరికీ వచ్చేశాయి అనుకుంటున్నా. షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచాలి అనేదానికి 500 లెక్క: 500ని లెన్స్ మిల్లీమీటర్లతో భాగిస్తే వస్తుంది, మన చిన్న సెన్సార్ కెమెరాలకి మళ్ళీ ఒకటిన్నరతో భాగించాలి. 18 మిల్లీమీటర్లకి 18 సెకన్లు చిల్లర వస్తుంది, నేనైతే 15 దాటను. అంతకుమించితే చుక్క గీత అవుతుంది, గీతలే కావాలంటే అది వేరే పని.

గీతల సంగతి కూడా చెప్పేస్తా. ఇంటర్నెట్‌లో చూసి ధ్రువ నక్షత్రం నడినెత్తిన వెతికినవాళ్ళు ముగ్గురున్నారు. మనకి అది ఉత్తరాన 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, చెయ్యి చాపి పిడికిలి పెడితే ఒకటిన్నర పిడికిలి, అంతే, వేపచెట్టు అడ్డమొస్తే పోయింది. అది కనబడే గట్టు చూసుకుని, 30 సెకన్ల ఫోటోలు ఆపకుండా గంట సేపు 120 తీసి స్టార్‌స్టాక్స్‌లో కలిపితే చుక్కలు 15 డిగ్రీల వంపు తిరిగి వస్తాయి, ఆ సాఫ్ట్‌వేర్ ఫ్రీ. గోడ మీద రెండో ఫోటో అలా వచ్చిందే.

సెప్టెంబర్ 7 ఆదివారం సంపూర్ణ చంద్రగ్రహణం. హైమాస్ట్ లైటు ఒక్కటి రెండు గంటలు ఆపమని ఒక ఆఫీసుకి మూడు అర్జీలు ఇచ్చాం, మూడోదాని మీద రిసీట్ స్టాంపు కూడా ఉంది, "తప్పకుండా సార్" అన్నారు, ఆ రాత్రి ఫోన్ ఎత్తలేదు. లైటు కింద నిలబడే గ్రహణం చూశాం. చంద్రుడికి ఆ లైటుతో పెద్ద నష్టం లేదనుకోండి, కానీ పద్ధతి పద్ధతే కదా. రాత్రి 9:57కి అంచు కొరకడం మొదలై, 11:01కి పూర్తిగా మునిగి, 12:22 దాకా రాగి చెంబు రంగులో ఉండిపోయింది. మధ్యలో మబ్బులు వచ్చి పోతూ ఉన్నాయి. ఇక్కడ మనవాళ్ళందరూ చేసిన తప్పు ఒకటే. నిండు చంద్రుడికి ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 100, ఎఫ్ (లెన్స్ ఎంత తెరవాలో) 8, సెకనులో 125వ వంతు అని నేర్పాం, దాన్నే పట్టుకుని గ్రహణం మొత్తం కానిచ్చేశారు, మునిగాక ఫోటోలన్నీ బొగ్గు. అప్పుడు ఐఎస్ఓ 800 దాటించి సెకను దాకా తెరవాలి, ఇది ముందే గట్టిగా చెప్పకపోవడం నా తప్పే. ఇంకోటి, చంద్రుడు నెత్తి మీదికి వచ్చేసరికి జూమ్ లెన్స్ తన బరువుకి తనే కిందికి జారిపోవడం, అది టిఫిన్ బాక్సు రబ్బరు బ్యాండుతో ఆగింది. గ్రహణంలో తినకూడదని ఇంట్లో చెప్పి వచ్చినవాళ్ళు కూడా అర్ధరాత్రి పన్నెండుకి పులిహోర తిన్నారు, పేర్లు చెప్పను.

అక్టోబర్‌లో లెమ్మన్ తోకచుక్క. దీపావళి మర్నాడు అక్టోబర్ 21న భూమికి దగ్గరగా వచ్చింది, అదే అమావాస్య, ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాం. వానలు పట్టుకున్నాయి, నెలాఖరికి మోంథా తుఫాను. నెల మొత్తంలో ఒక్క సాయంత్రం ఇరవై నిమిషాలు పడమర తెరిపిస్తే ఇద్దరు సభ్యులకి దొరికింది, చూస్తే బూడిద రంగు వేలిముద్రలా ఉంటుంది, ఫోటో చూసి ఒకరు "లెన్స్ తుడుచుకోలేదా" అన్నారు. ఆ మాటకి మాస్టారు ఆ వారం మంచి పాఠం చెప్పారు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ, 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టింది, అక్కడ వందేళ్ళ కిందటే 8 అంగుళాల టెలిస్కోపుతో గాజు పలకల మీద ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీశారట, ప్రపంచంలో అబ్జర్వేటరీలన్నీ ఆకాశాన్ని పంచుకుని చుక్కల పట్టిక తయారుచేస్తుంటే దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మనవాళ్ళ వాటా. అక్కడ పనిచేసిన ఒకాయన కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు, 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ ఇలాంటి ఫోటో పలక మీద ఉన్న మసక మచ్చనే తోకచుక్క అని పట్టుకున్నాడు. కాబట్టి మచ్చలని వెక్కిరించకండి.

ఇక డిసెంబర్ 13. ఈ నివేదికలో మీరు ఒక్క పేరా వింటే చాలు అనుకుంటే అది ఇదే.

జెమినిడ్స్ ఉల్కలు, శనివారం రాత్రి, చంద్రుడు వచ్చేదే రెండు దగ్గర, అదీ సన్నగా. గ్రూపులో 46 మంది బొటనవేలు పెట్టారు. బస్సు దగ్గరికి వచ్చింది 19. మిగతావాళ్ళకి ఫోన్ చేస్తే ఒకరికి పెళ్ళి, ఒకరికి జలుబు, ఒకరికి రేపు పెళ్ళి. టీ, దుప్పట్లు, ట్రైపాడ్లు మోయడానికి వాలంటీర్లుగా పేరిచ్చిన ఎనిమిదిమందిలో ఇద్దరు కనబడ్డారు, ఆ ఇద్దరికీ ఈ సభ ముఖంగా దండం. జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి కోట దగ్గర టెంట్లు, స్పీకర్లు, రంగు లైట్లు, లోయ అంచున నిలబడి మొహం మీద ఫ్లాష్ కొట్టుకునే జనం. పెన్నా లోయ మీద ఉల్క తీయాలని కలలు కన్నవాళ్ళు నీరసపడిపోయారు. వెనక్కి వచ్చి రోడ్డు పక్కన ఒక శనగ చేను దగ్గర దిగాం, కాపలా ఉన్న రైతు టార్చి వేసి "ఏంది సామీ, కెమెరాలు పైకి పెట్టినారు" అన్నాడు. చుక్కలు రాలతాయంటే "అవి దినామూ చూస్తాండేవే కదా" అన్నాడు, అని మళ్ళీ మోటారు షెడ్డు బల్బు తనే ఆపేశాడు. మూడు అర్జీలు పెట్టినా ఆగని లైటు ఎక్కడ, అడక్కుండా ఆపిన మనిషి ఎక్కడ.

పది దాటాక మొదలైంది. ఆగ్నేయం వైపు ముద్దనూరు దిక్కున వెలుగు ఉంది, అందుకని కెమెరాలన్నీ ఉత్తరం, తూర్పు, నడినెత్తి వైపు పంచాం. ఉల్కలు మిథునం నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి కదా అని సరిగ్గా అక్కడికే గురిపెట్టొద్దని మాస్టారు చెప్పారు, అక్కడ పొట్టిగా కనిపిస్తాయి, కాస్త దూరంలోనే పొడుగ్గా గీత పడుతుంది. 18 మిల్లీమీటర్లు, ఎఫ్ 3.5, ఐఎస్ఓ 3200, 15 సెకన్లు, ఆపకుండా. జెమినిడ్స్ సెకనుకి 35 కిలోమీటర్లు, ఆగస్టు పెర్సీడ్స్ 59, ఈ నిదానమే మన కిట్ లెన్సులకి వరం, ఒక్కో చోట ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి గీత గట్టిగా పడుతుంది. వీటికి మూలం తోకచుక్క కాదు, ఫేథాన్ అనే గ్రహశకలం, 1983లో కనిపెట్టారు.

ఒంటిగంటకి మంచు. లెన్సులన్నీ పాలు పోసినట్టయ్యాయి, తుడిస్తే మళ్ళీ. ఫ్లాస్కులో టీ కోసం దాచిన వేడినీళ్ళు చిన్న బాటిళ్ళలో పోసి, సాక్సులో పెట్టి, లెన్సుల పక్కన రబ్బరు బ్యాండ్లతో కట్టాం, సాక్సులు ఎవరివో అడక్కండి. అది పనిచేసింది. టీ మాత్రం తెల్లారేదాకా లేదు.

ఆ తర్వాత ఒకటీ నలభైకి వచ్చింది ఆ ఉల్క. చేను మొత్తం ఒక్కసారి మన నీడలు పడ్డాయి. అందరం ఒకేసారి అరిచాం, రైతు కూడా. నేనా, కార్డు నిండితే మారుస్తున్నా, కెమెరా కవర్ తెరిచి ఉంది. ఎనిమిది కెమెరాల్లో ఆరు వేరే వైపు చూస్తున్నాయి, ఒకటి మంచులో ఉంది, ఒకదానికి తోక కొస దొరికింది. మొత్తంగా దొరికింది ఎవరికంటే తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి, వాళ్ళ నాన్న ఫోను, ట్రైపాడ్ లేదు, రెండు ఇటుకల మధ్య ఏటవాలుగా ఆనించి, ప్రో మోడ్‌లో 30 సెకన్లు. గొల్లకావడి మూడు చుక్కల పక్కనుంచి పచ్చటి గీత, చివర్న ఉబ్బు. ఆ ఫోటోనే మీరు లోపలికి వస్తూ చూసింది. లక్ష రూపాయల కెమెరా బాడీ తెచ్చినాయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నేనేం చేశానో నాకర్థం కాలేదు.

మార్చి 3 గ్రహణం గురించి రెండు ముక్కలు. చంద్రుడు వచ్చేసరికే సంపూర్ణం అయిపోయింది, 6:47కి మొత్తం వదిలేసింది, మధ్యలో కొరికిన ముక్కతో పైకి లేచే చంద్రుణ్ణి తీయడానికి అరగంట కూడా లేదు. నలుగురం వెళ్ళాం. తూర్పున పొగమంచు. ఒక ఫోటో బాగుంది.

జమా ఖర్చులు. జమ 41,300, ఖర్చు 38,750, మిగులు 2,550. కాగితాలు ట్రెజరర్ గారి దగ్గరున్నాయి, ప్రింటింగు బిల్లు ఒకటి కనబడట్లేదు, దొరుకుతుంది. చందా బాకీ ఉన్నవాళ్ళ పేర్లు చదవొద్దని కార్యవర్గం చెప్పింది కాబట్టి చదవట్లేదు, వాళ్ళకి తెలుసు.

వచ్చే ఏడాదిలో, అంటే 2026 ఆగస్టు 12న అమావాస్య, పెర్సీడ్స్ రెండూ కలిసి వస్తున్నాయి, కానీ ఆగస్టు కదా, ఆశలు పెట్టుకోను. డిసెంబర్ 13, 14 మాత్రం ఖాయం చేసుకోండి, చంద్రుడు రాత్రి త్వరగానే దిగిపోతాడు, అదే చేను, రైతన్నని అడిగి వచ్చా, ఈసారి శనగ వేస్తాడో జొన్న వేస్తాడో చెప్పలేనన్నాడు. పెళ్ళి ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి, బొటనవేలు పెట్టకండి.

చివరగా, సంఘం ట్రైపాడ్లు మూడింటిలో పెద్దది డిసెంబర్ నుంచి కనబడట్లేదు. పోనీ ట్రైపాడ్ ఉంచుకోండి, దాని పైన కెమెరా బిగించే ప్లేటు మిగతా రెండింటికీ కూడా అదే, అదొక్కటీ రాత్రిపూట అయినా హాలు కిటికీలో పెట్టి వెళ్ళండి, ఎవరని అడగం.

ఇట్లు,
కార్యదర్శి