మన మ్యూజియాల్లో కళాకారులకూ చోటివ్వండి

సంపాదకులకు,

అయ్యా,

వరంగల్, హన్మకొండ పరిసరాల మ్యూజియాలలో శిల్పాలు, శాసనాలు, నాణేలు, పటాలు భద్రంగానే ఉన్నాయి. కానీ వాటితో కలిసి పుట్టిన పాట, ఆట, కథ మాత్రం ఏ ఉత్సవం నాడో తప్ప ఆ గోడల లోపలికి రావడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను. నెలకు కనీసం రెండు సాయంత్రాలు మ్యూజియం ఆవరణలోనే, అక్కడున్న వస్తువును ఆధారం చేసుకుని, ఒక ప్రదర్శనా దానికి జతగా ఒక ప్రసంగమూ జరిపించాలని వారసత్వ శాఖనూ, భాషా సాంస్కృతిక శాఖనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

కథ చెప్పడానికి బట్ట మీద బొమ్మలు వేసే చేర్యాల నకాషీ పటాన్నే తీసుకుందాం. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేపథ్యం మీద వరుసలు వరుసలుగా వేసిన ఆ బొమ్మలు గోడకు తగిలించుకోవడం కోసం పుట్టినవి కావు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పడానికి ఒక ఆశ్రిత కులం, వారి చేతిలో ఒక పటం ఉండేవి. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు పటం విప్పి కథ చెప్పారు. గొల్లలకు మందహెచ్చులవారు కొయ్యబొమ్మలు నిలిపి కాటమరాజు కథ చెప్పారు.

నా చిన్నతనంలో మా వాడకట్టుకు వచ్చిన కూనపులివారు రెండు గుంజల నడుమ పటం కట్టి, పై వరుస మాత్రమే కనిపించేటట్టు విప్పేవారు. కథకుని చేతిలోని పుల్ల ఏ బొమ్మ మీద ఆగితే వినేవాళ్ళ చూపంతా ఆ బొమ్మ మీదే ఉండేది. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి తామర తూడు నుంచి దారం తీసే ఘట్టం రాగానే, మగ్గం మీద బతికే పెద్దలు కొంచెం ముందుకు జరిగి కూర్చునేవారు. కింది వరుసలు ఇంకా చుట్టలోనే ఉండేవి గనుక, కథ ముందే తెలిసినవారికి కూడా తర్వాతి బొమ్మ చూడాలన్న ఆత్రం ఉండేది. అటువంటి పటాన్ని ఒకేసారి నిలువునా విప్పి, అద్దం బిగించి, కింద పేరూ ఊరూ రాసిన చీటీ అంటిస్తే చూసేవారికి రంగులు దక్కుతాయి గానీ కథ దక్కదు. ఇటీవల ఒక మ్యూజియంలో కళాశాల విద్యార్థులు కొందరు ఇటువంటి పటం ముందు ఫొటో దిగి, నిమిషంలోనే పక్క గదిలోకి వెళ్ళిపోవడం చూశాను. వారిని తప్పు పట్టలేము. ఆ పటాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎటు చదవాలో చెప్పే మనిషి అక్కడ లేడు.

శిల్పాల సంగతీ అంతే. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినందుకు మనమంతా సంతోషించాము. ఆ గుడి స్తంభాల మీదా దూలాల మీదా నర్తకులు ఉన్నారు, వారి పక్కన మద్దెల వాయించేవారూ ఉన్నారు. కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప 13వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథంలో పేరిణి అనే నృత్యం లక్షణాలు ఉన్నాయి. ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ పక్కపక్కన పెట్టి చదివిన నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారి కృషి వల్లనే పేరిణి శివతాండవం మన కాలంలో మళ్ళీ వేదిక ఎక్కింది. అంటే రాతిలో ఉన్నదాన్ని మనిషి ఒంట్లోకి తెచ్చుకున్న అనుభవం మన ప్రాంతానికి ఉంది. అటువంటప్పుడు కాకతీయ నర్తకి శిల్పం ఉన్న మందిరంలోనే ఒక పేరిణి కళాకారుడు నిలబడి, ఆ శిల్పంలోని పాదం ఎందుకు అలా మడిచి ఉందో, బరువు ఏ కాలి మీద ఉందో, మరుసటి అడుగు ఎటు పడుతుందో చేసి చూపిస్తే, పక్కనే ఒక శిల్పశాస్త్రం తెలిసినవారు ఆ నగలను, వాద్యాలను వివరిస్తే ఎంత బాగుంటుంది! అలాగే హన్మకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనాన్ని ఒక శాసన పరిశోధకుడు అక్షరం అక్షరం చదివి అర్థం చెప్పే సాయంత్రం ఒకటి ఉంటే, రోజూ ఆ రాతి పక్క నుంచే నడిచి వెళ్ళే మనలో ఎంతమందికో అది మొదటి పాఠం అవుతుంది.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. భోపాల్‌లో 1982లో ప్రారంభమైన భారత్ భవన్‌లో గిరిజన కళలూ ఆధునిక చిత్రాలూ ఉన్న మ్యూజియం, నాటకశాల, కవిత్వ గ్రంథాలయం, సంగీత విభాగం ఒకే ఆవరణలో ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళితే, రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు లండన్‌లోని నేషనల్ గ్యాలరీ తన చిత్రాలను దూర ప్రాంతాలకు తరలించగా, ఖాళీ అయిన ఆ మందిరాలలో పియానో విద్వాంసురాలు మైరా హెస్ 1939 అక్టోబరు నుంచి మధ్యాహ్న కచేరీలు ఏర్పాటు చేశారు. బాంబులు పడుతున్న రోజుల్లో కూడా కింది గదులకు మారి 1946 ఏప్రిల్ వరకు వాటిని కొనసాగించారు. మొత్తం దాదాపు 1,700 కచేరీలు జరిగాయి. అక్కడి జనం రావడానికి సంగీతం మీది ప్రేమతో పాటు మరో కారణం ఉందని నా నమ్మకం: సోమవారం నుంచి శుక్రవారం దాకా ఫలానా వేళకు అక్కడ కచేరీ ఉంటుందని అందరికీ తెలుసు. మన దగ్గర కార్యక్రమాలు లేకపోలేదు, కానీ అవి ఎప్పుడు ఉంటాయో ఎవరికీ తెలియదు. 1904లోనే శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయాన్ని స్థాపించుకున్న హన్మకొండకు, పుస్తకం చుట్టూ గానీ మాట చుట్టూ గానీ జనం కూడడం కొత్త విషయం కాదు.

2024 నవంబరులో హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమైంది కదా, మ్యూజియంలో వేరే వేదిక ఎందుకని కొందరు అడగవచ్చు. కళాక్షేత్రం పెద్ద ప్రదర్శనలకు కావలసిందే, దాని గొప్ప దానిదే. నేను అడుగుతున్నది యాభై మంది నేల మీద కూర్చుని, కథకుని ముఖం దగ్గరగా చూస్తూ, ఆపి ప్రశ్న అడగగలిగే చోటు. మైకు కూడా అవసరం లేదు.

జనం గుమిగూడితే పాత వస్తువులు పాడవుతాయన్న భయం మాత్రం న్యాయమైనదే. పాత పటాలను మళ్ళీ మళ్ళీ చుట్టి విప్పితే పొరలు రాలిపోతాయి. దీపాల పొగ, చేతి చెమట వాటికి పడవు. అందుకే పాత పటాన్ని అద్దంలోనే ఉంచి, దానికి దీటైన పూర్తి నిడివి పటాన్ని చేర్యాల చిత్రకారుల చేత కొత్తగా వేయించి, ఆ కొత్త పటంతో కథ చెప్పించాలని నా సూచన. ఇప్పుడు ఆ చిత్రకారులు ఎక్కువగా వేస్తున్నది ఒకే దృశ్యం ఉన్న చిన్న ఫ్రేములు, మాస్కులు, బహుమతి వస్తువులు. కొనేవారు వాటినే అడుగుతారు. ఆద్యంతం ఒక కులపురాణాన్ని, ఒక వరుస తర్వాత ఒక వరుసగా వేయించే వారే లేకపోతే, ఏ ఘట్టం తర్వాత ఏది వేయాలన్న ఎరుక ఆ ఇళ్ళలో కూడా నిలవదు. ప్రభుత్వం ఏడాదికి ఒక్క పటం వేయించినా చిత్రకారునికి పనీ కథకునికి పనిముట్టూ సమకూరుతాయి. నా లేఖలో అధికారులు ఒక్క మాటే పట్టించుకోదలిస్తే ఈ మాట పట్టించుకోవాలని మనవి.

కళాకారులకు శాలువా, జ్ఞాపిక ఇచ్చి పంపే పద్ధతి మారాలి. ఒకప్పుడు వారికి ఊళ్ళ మీద మిరాశీ హక్కు, అంటే వంశపారంపర్యపు హక్కు ఉండేది, కథ చెప్పినందుకు ధాన్యమో డబ్బో హక్కుగా అడిగి తీసుకునేవారు. ఇప్పుడు దారి ఖర్చులు, పారితోషికం ముందే నిర్ణయించి అదే రోజు చేతికివ్వాలి. అతిథుల ప్రసంగాలకే గంటన్నర గడిచి, కథకు ఇరవై నిమిషాలు మిగిలే సభలు మనం చాలా చూశాము. కాబట్టి ప్రసంగం అంటే ఆ వస్తువు గురించి తెలిసిన మనిషి మాట్లాడేదిగానే ఉండాలి.

ఆలస్యం చేయడానికి సమయం లేదు. కోయ డోలి అనే వాద్యం మీద సమ్మక్క సారలమ్మ కథ గానం చేసి 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు 2024లో కన్నుమూశారు. కోయల పడిగె (బొమ్మలున్న బట్ట జెండా) మీది బొమ్మలను చూస్తూ కథ పాడగలిగినవారు ఇంకా ఎందరు మిగిలారో, వారు ఏ ఊళ్ళలో ఉన్నారో ముందు తెలుసుకోవాలి, ప్రతి ప్రదర్శననూ పూర్తిగా చిత్రీకరించి మ్యూజియంలోనే దాచాలి. మన పక్క జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అటువంటి పెద్దలను మ్యూజియానికి పిలిచి, కిరీటం, భుజకీర్తులు, ముఖానికి వేసే రంగు గురించి పిల్లలకు చెప్పించడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఒక చిన్న విషయం. సాయంత్రం ఐదింటికే తలుపులు మూస్తే ఉద్యోగులు, కూలీలు, దుకాణాల్లో పనిచేసేవారు ఎవరూ రాలేరు. ప్రదర్శన ఉన్న రోజుల్లోనైనా రాత్రి ఎనిమిది వరకు తెరిచి ఉంచాలి, సిబ్బందికి అందుకు అదనపు వేతనం ఇవ్వాలి. అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవమైన మే 18న మొదలుపెడితే పిల్లలకు సెలవులు కూడా కలిసివస్తాయి. తేదీలు ఖరారైతే, వాటిని మీ జిల్లా పేజీలో వారం ముందుగా ఒకసారి, ఆ రోజు ఉదయం మరొకసారి ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
హన్మకొండ