చైనీస్ మీట్ పై అంటే కీమా పూరీ కాదు

సంపాదకులకు,

నెల్లూరు మినీ బైపాస్‌లోనూ, ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ కొన్ని ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లు నూడుల్స్, మంచూరియా పక్కన 'చైనీస్ మీట్ పై' అమ్ముతున్నాయి. ఉత్తర చైనాలో పెనం మీద కాల్చే షియెన్‌బింగ్ ఇది. మనవాళ్లేమో గరం మసాలాతో వేపిన పొడి కీమాను గట్టి మైదాలో కుక్కి నూనెలో దేవేస్తున్నారు. కొరికితే కీమా రాలుతుంది, చల్లారితే పైపొర తోలులా సాగుతుంది.

300 గ్రాముల మైదాకు 200 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. సగం మసిలే నీళ్లు పోసి గరిటెతో కలిపాక మిగతావి చన్నీళ్లు చేర్చాలి. మసిలే నీళ్లు తగిలిన పిండి తేమను పట్టి ఉంచుకుంటుంది, సాగుడు తగ్గుతుంది. చేతికి అంటుకుంటోందని పొడిపిండి చల్లారో, చెడినట్టే. చేతికి నూనె రాసుకోండి. తడిగుడ్డ కప్పి అరగంటైనా నాననివ్వాలి.

స్టఫింగ్‌లోకి పచ్చి కీమానే వెయ్యాలి, అసలు కిటుకంతా అక్కడుంది. 300 గ్రాముల వేట కీమాలో అయిదో వంతు కొవ్వు ఉండాలి. కోడి అయితే తొడ మాంసం. అల్లం, సోయా సాస్, మిరియాల పొడి వేసి, 60 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు (ఎముకల సూప్ ఉంటే మరీ మేలు) విడతలుగా పోస్తూ, జిగురు వచ్చేదాకా ఒకే వైపు తిప్పాలి. కాలాక లోపల ఊరే రసం ఇదే. ఉల్లికాడలకు నువ్వుల నూనె పట్టించి, చుట్టబోయే ముందే కలపాలి. చాలాసేపు ముందుగా కలిపితే ఉప్పుకి నీరు వదిలి అడుగు చిరుగుతుంది. క్యాబేజీ అయితే ఉప్పు రాసి పిండాల్సిందే.

నెల్లూరులో రొయ్యలుండగా కోడి దేనికో! సగం మెత్తగా నూరి, సగం ముక్కలుగా తరిగి కలిపితే విడిపోదు.

పిండిని ఉండలు చేసి, వత్తి, స్టఫింగ్ పెట్టి అంచులు మూస్తే ఈ కొలతకు పది వస్తాయి. మూసిన వైపు పెనానికి తగిలేలా వేసి, అరచేత్తో అదిమి, మూతపెట్టి సన్నమంట మీద ఒక్కో వైపు నాలుగు నిమిషాలు కాల్చాలి. పొంగిందంటే లోపల ఆవిరి పట్టినట్టు. పొంగలేదంటే ఎక్కడో చిల్లుంది. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. కోడి కీమా నడిమధ్య 74 డిగ్రీల వేడి తగలాలి.

పచ్చి కీమాతో భయం సబబే. అయిదు డిగ్రీల లోపు ఉంచాలి, మన ఎండల్లో గంటకు మించి బయట పెట్టకూడదు. ఐస్‌పెట్టె లేని బండివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. నూనెను మళ్లీ మళ్లీ కాచితే పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 నుంచీ అమల్లో ఉంది. పెనం మీద కాలిస్తే పొద్దుటి మంచూరియా నూనెతో పనే లేదు.

తినేవాళ్లు ముందు అంచు కొరికి ఆవిరి పోనివ్వండి, రసం నోరు కాలుస్తుంది. రసమే రాలేదా, ఆ సెంటర్లో నూడుల్స్‌తో సరిపెట్టుకోండి.

— ఇద్దరు వంట మాస్టర్లు,
మాగుంట లేఅవుట్, నెల్లూరు