పెర్సియస్ వాళ్లమ్మని ఏం చేశారు?

కన్నా,

నువ్వు పంపిన జాబితా మొత్తం చదివాను. గ్రీకు వీరుడు పెర్సియస్ కథతో 2010లో వచ్చిన ‘క్లాష్ ఆఫ్ ది టైటన్స్’లో ఇన్ని తప్పులు పట్టావంటే ఎంత శ్రద్ధగా చూశావో తెలుస్తోంది, సంతోషం. ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో వాదన పెట్టుకుంటావు, అందుకని తీరిగ్గా రాస్తున్నాను. జుట్టు, దుమ్ము, రక్తపు మరకలు, కత్తి ఏ చేతిలో ఉంది లాంటివన్నీ పైన పెట్టి, పురాణాన్ని మార్చిన సంగతులు చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేశావు. నాకైతే ఆ జాబితాని తిరగేసి రాయాలనిపించింది.

ముందు ఆ మరకల సంగతి చూద్దాం. సినిమాని మనం చూసే వరసలో తియ్యరు. ఒక సెట్టు వేస్తే, అందులో జరిగే సీన్లు కథలో ఎక్కడున్నా సరే, అన్నీ ఒకేసారి తీసేస్తారు. ఇద్దరు నిలబడి మాట్లాడుకునే చిన్న సీనే తీసుకో. మొదట ఇద్దరూ కనబడేలా మాస్టర్ షాట్ తీస్తారు. తర్వాత కెమెరా జరిపి, లైట్లు మార్చి, ఒకరి మీద క్లోజప్‌లు. మళ్లీ అదంతా మార్చి రెండోవాళ్ల మీద. ఈలోగా భోజనాల టైం అవుతుంది, చెమట తుడుస్తారు, మేకప్ మళ్లీ దిద్దుతారు, వెనకాల కాగడా సగం కాలిపోతుంది. తెర మీద అదంతా ఒక్క నిమిషం మాటలు. ఏ మాట దగ్గర ఏ చెయ్యి లేచింది, పై బొత్తాం పెట్టి ఉందా ఊడి ఉందా అని ప్రతి టేక్‌కీ రాసుకుని, ఫొటోలు తీసి దాచుకోవడానికే కంటిన్యుటీ చూసే మనిషి ఒకరు ఉంటారు.

అయినా కొన్ని మిగిలిపోతాయి. మిగిలినవన్నీ ఎవరూ చూడక మిగిలినవి కావు. ఒక టేక్‌లో కత్తి సరైన చేతిలో ఉంటుంది, నటుడి మొహంలో ప్రాణం ఉండదు. ఇంకో టేక్‌లో కత్తి చెయ్యి మారింది, కళ్లలో మాత్రం భయం నిజంగా కనిపిస్తోంది. మంచి ఎడిటర్ రెండోదే తీసుకుంటాడు. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక కట్ బాగుందో లేదో చూడటానికి ఆరు కొలతలు చెప్పాడు. భావానికి 51 శాతం, కథకి 23, లయకి 10, చూసేవాళ్ల కన్ను ఎక్కడుందన్న దానికి 7, తెర మీది అమరికకి 5. ఆ చోటులో మనుషులూ వస్తువులూ ఎక్కడెక్కడ ఉన్నారన్న లెక్కకి మిగిలింది 4. నువ్వు పైన రాసినవి చాలామటుకు ఆ 4 శాతంలోకి వస్తాయి. 1939 నాటి ‘ది విజర్డ్ ఆఫ్ ఆజ్’లో డొరొతీ దిష్టిబొమ్మతో మాట్లాడే సీన్‌లో ఆ పిల్ల జడల పొడుగే మారిపోతుంటుంది. దాని వల్ల ఆ సినిమాకి పోయిందేమీ లేదు.

‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ మ్యాప్ గురించి నువ్వు రాసింది మాత్రం వేరే రకం. కథ జరిగేది 1936లో, మ్యాప్ మీద థాయిలాండ్ అని ఉంటుంది. ఆ దేశం సియామ్ పేరు మార్చుకుని థాయిలాండ్ అయింది 1939లో. దానికి షూటింగ్ హడావుడి కారణం కాదు, ఎవరైనా ఒకసారి చరిత్ర పుస్తకం తెరిస్తే సరిపోయేది.

ఇక పురాణం. ఇక్కడ ఒక్క విషయం మనసులో పెట్టుకో. గ్రీకుల కథలకీ మన కథల్లాగే ఒకే పాఠం లేదు. ఊర్మిళాదేవి నిద్ర వాల్మీకంలో లేదు, మన ఆడవాళ్ల పాటల్లో ఉంది. దాన్ని తప్పంటామా? అలాగే 1981 నాటి పాత ‘క్లాష్ ఆఫ్ ది టైటన్స్’లో సముద్రపు భూతానికి బలిగా బండకి కట్టేసిన రాకుమారి ఆండ్రోమెడా ఊరు జోపా అని పెట్టారని తప్పు పట్టావు. పురాణంలో అది ఇథియోపియా అన్న మాట నిజమే. కానీ ఆమెని కట్టేసిన బండ జోపా దగ్గరే ఉందని పాతకాలంలోనే చెప్పుకునేవాళ్లు, స్ట్రాబో, ప్లినీ లాంటి పాత రచయితలు రాశారు కూడా. కాబట్టి ఆ తప్పు కొట్టెయ్.

పెగాసస్ సంగతి అలా కొట్టేసేది కాదు. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ చెప్పిన ప్రకారం, తనని చూసినవాళ్లని రాళ్లు చేసే మెడూసా తలని పెర్సియస్ నరికినప్పుడు ఆమె మెడ నుంచి పుట్టింది ఆ రెక్కల గుర్రం. 2010 సినిమాలో మెడూసా ఇంకా బతికుండగానే అది ఎదురవుతుంది. తల్లి కడుపులో ఉండాల్సిన బిడ్డ బయట తిరుగుతోందన్నమాట. అసలు పెర్సియస్ ఎగిరింది రెక్కల చెప్పులతో. పెగాసస్ ఎక్కినవాడు బెల్లెరోఫోన్ అనే ఇంకో వీరుడు. పెర్సియస్‌ని ఆ గుర్రం మీద కూర్చోబెట్టడం చిత్రకారులు ఎప్పుడో మొదలుపెట్టారు కాబట్టి అంతవరకూ సినిమావాళ్లని ఒక్కళ్లనే అనలేం.

సినిమాలో సముద్రపు భూతానికి పెట్టిన క్రాకెన్ అన్న పేరు నార్వే సముద్రాల కథల్లోది. నార్వేలోని బెర్గెన్ బిషప్ పోంటోపిడాన్ 1750ల్లో ఆ క్రాకెన్ గురించి వివరంగా రాశాడు. గ్రీకు కథలో ఆ సముద్రపు భూతాన్ని పంపింది సముద్ర దేవుడు పొసైడన్. సినిమాలో ఆ పని హేడీజ్‌కి అప్పగించి, అతన్ని కుట్రలు పన్నే విలన్ చేశారు. ఇది నాకు కష్టంగా అనిపించింది. దేవతల రాజు జ్యూస్, పొసైడన్, హేడీజ్ అన్నదమ్ములు. ముగ్గురూ చీట్లు వేసుకుంటే పాతాళం హేడీజ్ వంతుకి వచ్చింది, అతని పని అతను చేసుకుంటున్నాడు. చావు మీద అధికారం ఉన్నవాడు చెడ్డవాడే అయ్యుండాలని ఎందుకనుకుంటారో. మన యముడు ధర్మరాజు. నచికేతుడికి జ్ఞానం చెప్పాడు, సావిత్రి మాటకి కట్టుబడ్డాడు.

నువ్వు అసలు పట్టుకోనిది ఇంకొకటుంది. ఆ సినిమాలో పెర్సియస్ వెంట నడిచే అయో. గ్రీకు కథలో ఈమె జ్యూస్ కన్ను పడి, ఆవుగా మారి, జోరీగ తరుముతుంటే దేశాలు దాటి ఈజిప్టు చేరిన మనిషి. ఆమె కొడుకు ఎపాఫస్. ఆ వంశంలోనే డానాయస్, అతని తర్వాత కొన్ని తరాలకి అక్రిసియస్, అతని కూతురు డానాయీ, ఆమె కొడుకు పెర్సియస్. అంటే అభిమన్యుడి పక్కన సత్యవతిని హీరోయిన్‌గా నిలబెట్టినట్టు! చివర్లో ఆండ్రోమెడాని కాదనుకుని ఈమెతో ఉండిపోతాడు కూడా. పెర్సియస్‌కీ ఆండ్రోమెడాకీ పెళ్లి కాకపోతే ఎలక్ట్రియాన్ పుట్టడు, అతని కూతురు ఆల్క్‌మినీ పుట్టదు, ఆమె కొడుకు హెరక్లీజ్ అసలే పుట్టడు. ఒక ప్రేమ కథ కోసం గ్రీకుల్లోకెల్లా పెద్ద వీరుణ్ణి లేకుండా చేశారు.

అయితే కల్పించకూడదా అంటావు. ఎందుకు కల్పించకూడదు! ‘మాయాబజార్’ చూడు. వ్యాస భారతంలో శశిరేఖ లేదు, అభిమన్యుడి పెళ్లి ఉత్తరతో. పాండవులు తెర మీదకే రారు. అయినా 1957 నుంచి ఇప్పటిదాకా ఎవరికైనా అది అబద్ధం అనిపించిందా? శశిరేఖ బలరాముడి కూతురు, అభిమన్యుడు సుభద్ర కొడుకు. మేనమామ కూతురు, చక్కటి వరస. ఘటోత్కచుడు తమ్ముడి కోసం వస్తాడు, శకుని శకునిలాగే ఉంటాడు. లేని పెళ్లిని పుట్టించారు గానీ, ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరి బుద్ధి ఎలాంటిదో ఒక్క చోట కూడా చెదరనివ్వలేదు.

ఈ ఇంగ్లీషు సినిమాలోనూ అలాంటి మంచి కల్పన ఒకటుంది. కాలిబోస్ అనే రాక్షసుడి రక్తం ఇసుకలో పడి పెద్ద పెద్ద తేళ్లు పుట్టుకొస్తాయి చూడు. దాన్ని నువ్వు తప్పుల్లో వేశావు. రోమన్ కవి ఓవిడ్ కథలో పెర్సియస్ మెడూసా తల పట్టుకుని లిబియా ఎడారి మీదుగా ఎగురుతుంటే, కారిన రక్తపు చుక్కలన్నీ ఇసుకలో పాములవుతాయి. రక్తబీజుడి కథ విన్నవాళ్లం, మనకి అది వింతగా అనిపించదు. పాములకి బదులు తేళ్లు పెట్టారు, కానీ ఆ ఊహ ఆ కథ లోపలిదే. నాకు నచ్చింది.

నా బాధంతా పెర్సియస్ తల్లి డానాయీ గురించి. కూతురి కడుపున పుట్టినవాడి చేతిలో చస్తావని జోస్యం చెప్తే అక్రిసియస్ కూతుర్ని కంచు గదిలో బంధించాడు. (సినిమాలో అతన్ని ఆమె మొగుణ్ణి చేశారు, దాంతో జోస్యమూ లేదు, కంసుడి లాంటి ఆ భయమూ లేదు.) జ్యూస్ బంగారు వానై వచ్చాడు, పెర్సియస్ పుట్టాడు, తల్లినీ బిడ్డనీ పెట్టెలో పెట్టి సముద్రంలో వదిలేశారు. పెట్టె అనగానే మనకి కర్ణుడు గుర్తొస్తాడు. కానీ కుంతి గట్టున ఉండిపోయింది. డానాయీ బిడ్డతో పాటు పెట్టెలోనే ఉంది. ఆ చీకట్లో, అలల మధ్య, ఆమె బిడ్డని జోకొడుతూ నువ్వు నిద్రపో, సముద్రాన్నీ నిద్రపోనీ, మన కష్టాన్నీ నిద్రపోనీ అన్నట్టు సైమొనైడిస్ అనే గ్రీకు కవి రాశాడు. దాదాపు 2500 ఏళ్ల కిందటి పాట, ఒక ముక్క మాత్రమే మిగిలింది. ఆ ఒక్క ముక్క చాలు, ఈ కథ ఎవరిదో తెలియడానికి.

సినిమా మొదలవగానే జాలరి ఆ పెట్టె తెరుస్తాడు. లోపల బిడ్డ బతికుంటాడు, తల్లి చచ్చిపోయి ఉంటుంది. అంతే, ఆమె కథ అయిపోయింది.

అసలు కథలో ఇద్దరూ సెరిఫోస్ ద్వీపానికి బతికే చేరతారు, డిక్టిస్ అనే జాలరి కాపాడతాడు. పెర్సియస్ పెద్దవాడవుతాడు. ఆ ద్వీపపు రాజు పాలిడెక్టీజ్ డానాయీ మీద కన్నేసి, అడ్డుగా ఉన్న కొడుకుని తప్పించడానికి మెడూసా తల తెమ్మంటాడు. పెర్సియస్ ప్రయాణం మొత్తానికి అదీ మూలం. ఆండ్రోమెడా దారిలో ఎదురైంది, సముద్రపు భూతమూ దారిలో ఎదురైందే. తిరిగొచ్చేసరికి తల్లి, డిక్టిస్ ఆ రాజు దౌర్జన్యానికి భయపడి దేవుడి పీఠం దగ్గర తలదాచుకుని ఉంటారు. పెర్సియస్ నేరుగా సభకి వెళ్లి, తల పైకెత్తి చూపించి, రాజునీ అతని మనుషుల్నీ రాళ్లు చేసి, డిక్టిస్‌ని గద్దె మీద కూర్చోబెట్టి, తల్లిని వెంటబెట్టుకుని బయల్దేరతాడు. గ్రీకు పురాణాలు కూర్చిన అపొలోడోరస్ ఇదంతా వరసగా చెప్తాడు.

తల్లిని మొదటి సీన్‌లోనే చంపేశాక హీరోకి ఒక కారణం కావాలి కాబట్టి హేడీజ్ చేతిలో పెంచినవాళ్లని చంపించి పగ పుట్టించారు. పగ కోసం హేడీజ్ విలన్ కావాల్సి వచ్చింది. పొసైడన్ పని హేడీజ్‌కి పోయింది. పాలిడెక్టీజ్ అవసరం లేకుండా పోయాడు. నువ్వు విడివిడిగా అంకెలు వేసి రాసిన తప్పుల్లో సగం ఈ ఒక్కదానిలోంచి వచ్చినవే. నా వరకు ఆ సినిమాలో క్షమించలేని తప్పు ఇదొక్కటే, అమ్మని గనక అంటున్నానని అనుకోకు.

వచ్చే వారం 1963 నాటి ‘జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్’ చూస్తానన్నావు. ఏడు అస్థిపంజరాలతో కత్తియుద్ధం ఉంటుంది, కొన్ని నిమిషాల ఆ సీన్ కోసం స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన రే హ్యారీహాసెన్ బొమ్మల్ని రవ్వంత రవ్వంత కదిలిస్తూ నాలుగున్నర నెలలు పనిచేశాడు. కథలో డ్రాగన్ దంతాలు నేలలో విత్తితే మొలిచేది ఆయుధాలు పట్టిన మనుషులని, జేసన్ తేవాల్సిన బంగారు ఉన్నికి కాపలా ఉన్నది హైడ్రా అనే చాలా తలల పాము కాదని నువ్వు ఎలాగూ పట్టేస్తావు. కథలో జేసన్‌కి ఒళ్లు కాలకుండా లేపనం ఇచ్చింది మీడియా అనే మంత్రగత్తె రాకుమారి. మొలిచిన మనుషుల మధ్య రాయి విసిరితే వాళ్లలో వాళ్లే కొట్టుకు చస్తారని చెప్పింది మీడియా. ఉన్నికి కాపలా ఉన్న, నిద్రే పోని పాముని మందు చల్లి నిద్రపుచ్చిందీ ఆమే. సినిమాలో ఈ పనులు ఎవరి చేతికి పోయాయో, ఆమెకి ఏం మిగిల్చారో చూసి, ఈసారి జాబితాలో అది మొదట రాసి పంపు.

అమ్మ